మడ్డిగూడ మహావేగ వాహనం

వీరగిరి జిల్లా రవాణా కార్యాలయంలో బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసే పొట్నూరు వైకుంఠరావును, ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఇంజనీరింగు గురించి ఎవరూ ఏమీ అడగలేదు. లారీకి బ్రేకు పడుతోందా, హారను మోగుతోందా, వెనక ఎర్రదీపం వెలుగుతోందా అని చూడడానికే తాను మెకానికల్ ఇంజనీరింగులో బంగారు పతకం తెచ్చుకున్నానని అతనికి క్రమంగా నమ్మకం కుదిరింది. అందుకే, కలెక్టరు గారి సమావేశ మందిరంలో, అందరి ముందూ, "ప్రపంచంలో అన్నింటికంటే వేగంగా పోయే బండి ఏదండీ?" అని అడిగేసరికి అతను ఒళ్లు మరిచిపోయాడు. తరవాత జరిగిందంతా ఆ మరుపు వల్లే జరిగిందనడం అన్యాయం. అతను మాత్రం అలాగే అనుకునేవాడు.

అసలు సంగతి మడ్డిగూడలో మొదలైంది. కొండల మీద ఉన్న ఆ ఊళ్లో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. దానికి మేరీ సుహాసిని అనే డాక్టరు ఉంది. ఒక జీపు కూడా ఉండేది గాని, అది కొండ దిగితే మళ్లీ ఎక్కేది కాదు. చుట్టుపక్కల గూడేల నుంచి కాన్పు కష్టమైన ఆడవాళ్లను జిల్లా ఆసుపత్రికి చేర్చాలంటే సగం రోజు పట్టేది. కొందరిని చేర్చలేకపోయారు కూడా. సుహాసిని ఆ పేర్లన్నీ నోటికి చెప్పగలదు, కాని సమావేశాల్లో పేర్లు చెప్పడానికి వ్యవధి ఇవ్వరు. అందువల్ల ఆమె క్లుప్తంగా అడిగింది.

"ఘాటీ రోడ్డు ఎక్కగలిగి, గర్భిణిని కుదపకుండా, ఇప్పటికంటే కాస్త వేగంగా కిందికి తెచ్చే బండి ఒకటి ఇప్పించండి సార్, చాలు."

ఆ ఏడాదిని ప్రభుత్వం వేగ సంవత్సరంగా ప్రకటించి ఉంది. ప్రతి శాఖా తన వేగాన్ని రుజువు చేసుకోవాలి. రెవెన్యూ వాళ్లు బంట్రోతులకు పరుగుబూట్లు కొన్నారు. విద్యాశాఖ ఎక్కాలు గబగబా అప్పజెప్పే పోటీలు పెట్టింది. పశుసంవర్ధక శాఖ ఏం చెయ్యాలో తోచక గడువు అడిగింది. జిల్లా మొత్తానికి వేగాన్ని పర్యవేక్షించడానికి పినాకపాణి గారనే ప్రత్యేకాధికారి వచ్చారు. ఆయన ఏ పనీ తొందరపడి చేసేవారు కాదు. వాక్యం మొదలుపెడితే "సమగ్రంగా పరిశీలించిన మీదట" అన్న చోట ఒకసారి ఆగి, మంచినీళ్లు తాగి, మళ్లీ అందుకునేవారు.

డాక్టరమ్మ కోరికను పినాకపాణి గారు సమగ్రంగా పరిశీలించారు. ఘాటీ అనేది రోడ్లు భవనాల శాఖ వ్యవహారం కనుక ఆ ముక్క తీసేశారు. గర్భిణి మహిళా సంక్షేమం కిందికి వస్తుంది కనుక ఆమెనూ తీసేశారు. కుదపడం ఏ శాఖ కిందికీ రాదు. "ఇప్పటికంటే" అన్న మాటలో ప్రస్తుత పరిపాలన మీద విమర్శ ధ్వనిస్తోంది. ఇక మిగిలింది "వేగంగా తెచ్చే బండి". దాని ముందు, సంవత్సరం స్ఫూర్తికి తగినట్టు, "అత్యంత" అన్న మాట చేర్చారు. అప్పుడు అలాంటి బండి ఏదని ప్రశ్న వచ్చింది. తేల్చడానికి కమిటీ వేసి, సాంకేతిక సభ్యుడిగా వైకుంఠరావును పిలిపించారు.

అతను నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. విదేశాల్లో ఒక కంపెనీ అరుదుగా తయారుచేసే కారు ఉందనీ, దాని ఇంజను డ్రైవరు వీపు వెనకే, రెండు చక్రాల ఇరుసుల మధ్య కూర్చుంటుందనీ, అందులో పదహారు సిలిండర్లు ఉంటాయనీ చెప్పాడు. మామూలు కారు గాలిని పీల్చుకుంటుంది, ఇది మింగుతుంది అన్నాడు. బయటికి పోయే పొగ వేగంతోనే నాలుగు టర్బైన్లు తిరిగి, లోపలికి వచ్చే గాలిని కుదించి కూరుతాయనీ, ఒక మనిషి దాదాపు వారం రోజులు పీల్చే గాలిని ఆ ఇంజను ఒక్క నిమిషంలో తాగేస్తుందనీ వివరించాడు. విమానం రెక్కను తలకిందులు చేసి వెనక బిగిస్తారనీ, విమానాన్ని గాలి పైకి ఎత్తితే ఈ కారును నేలకేసి అదుముతుందనీ, లేకపోతే ఆ వేగానికి అది నిజంగానే ఎగిరిపోతుందనీ చేతులతో చూపించాడు. గంటకు నాలుగు వందల కిలోమీటర్లు అనేసరికి హాలంతా నిశ్శబ్దమైపోయింది. గత కొన్నేళ్లుగా ఆ హాల్లో ఎవరి మాటకూ అలాంటి నిశ్శబ్దం దొరకలేదు. వైకుంఠరావుకు ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేదాకా చాలా సంతోషంగా ఉంది. ఇంట్లో కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుతుండగా, తనను అడిగింది అంబులెన్సు గురించి అని గుర్తుకొచ్చింది.

మర్నాడు ఉదయమే వెళ్లి పినాకపాణి గారితో మనవి చేసుకున్నాడు. ఆ కారుకూ నేలకూ మధ్య నాలుగు వేళ్ల ఎత్తే ఉంటుందనీ, రెండే సీట్లనీ, స్ట్రెచరు కాదు గదా పొడుగాటి గొడుగు కూడా పట్టదనీ చెప్పాడు. పినాకపాణి గారు ఓపిగ్గా విన్నారు. సాంకేతిక సభ్యుడి అభిప్రాయం నిన్ననే నమోదైందనీ, ఒకే సభ్యుడు రెండు అభిప్రాయాలు వెలిబుచ్చితే కమిటీలో సభ్యుల సంఖ్య పెరిగినట్టు అవుతుందనీ, అందుకు అనుమతి లేదనీ చెప్పి పంపేశారు.

నిధులు ఖర్చు చెయ్యకపోతే వెనక్కి పోతాయి కనుక, కారు నిజంగానే వేగంగా వచ్చింది.

దానికి తెల్లరంగు వేసి, రెండు పక్కలా ఎర్రటి ప్లస్ గుర్తు పెట్టి, పైన సైరను బిగించారు. కలెక్టరు గారు కొబ్బరికాయ కొట్టారు. డాక్టర్ సుహాసిని కొండ దిగి వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి లోపలికి చూసింది. నిండు గర్భిణి ఇందులోకి దిగాలంటే ముందు కాన్పు అయి ఉండాలని మాత్రం అంది.  వైకుంఠరావు ఆమె వైపు చూడలేక, టైర్లలో గాలి చూస్తున్నట్టు నటించాడు.

ప్రయోగ పరీక్ష ఊరి బయట, పాత విమానాల రన్‌వే మీద జరిగింది. జనం అక్కడ మొక్కజొన్నలు ఆరబోసుకుంటారు. వాటిని ఎత్తించి, ఊడిపించి, వైకుంఠరావు చేతికి తాళం ఇచ్చారు. నిజం చెప్పాలంటే, ఆ కాసేపు అతనికి మడ్డిగూడ గుర్తులేదు. కాలు అలా ఆనించాడో లేదో, వీపును ఎవరో రెండు చేతులతో ముందుకు తోసినట్టయింది. ముందు ఒక ఉరుము, ఆ ఉరుము వెనక టర్బైన్ల ఈల వినిపించాయి. రన్‌వే పక్కన తాటిచెట్లు కలిసి గోడ అయిపోయాయి. కారు వణకలేదు. వేగం పెరిగేకొద్దీ నేలను మరింత గట్టిగా పట్టుకుంది. తాను పుస్తకంలో చదివిన గాలి బరువు చక్రాల మీద కూర్చోవడం అతనికి స్టీరింగులో, అరచేతుల్లో తెలిసింది. బ్రేకు తొక్కగానే వెనక రెక్క నిటారుగా లేచి గాలికి అడ్డు నిలిచింది. కార్బన్ బ్రేకు పళ్లాలు కమ్మరి కొలిమిలోని ఇనుములా ఎర్రబడ్డాయి. కారు ఆగింది. వైకుంఠరావు కిందికి దిగి, బానెట్టు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఇంత చక్కటి వస్తువును ఏ పాపం ఎరగని మనుషులు ఎక్కడో దేనికోసమో కష్టపడి తయారుచేశారు, మనం దాన్ని ఏం చెయ్యబోతున్నాం అనుకున్నాడు.

రెండో దఫా రోగి స్థానంలో పినాకపాణి గారు కూర్చున్నారు. తిరిగి వచ్చాక ఆయనకు మాట పడిపోయింది. సాయంత్రానికి వచ్చింది గాని, "సమగ్రంగా" దగ్గర ఆగిపోయి ముందుకు సాగలేదు. వెంటనే వైద్యుల బోర్డు వేశారు. ఈ వాహనం కదిలినప్పుడు శరీరంలోని రక్తం వెనక్కి తోసుకుపోతుందనీ, బ్రేకు వేసినప్పుడు ముందుకు వస్తుందనీ, గుండెజబ్బు, రక్తపోటు, ఆయాసం, జ్వరం, గాయాలు, గర్భం ఉన్నవారు దీన్ని ఎక్కకూడదనీ బోర్డు తేల్చింది. తదనుగుణంగా ఉత్తర్వు వెలువడింది. సదరు అంబులెన్సులో ప్రయాణించగోరు వారు, తాము సంపూర్ణ ఆరోగ్యవంతులమని ప్రభుత్వ వైద్యుని వద్ద ధ్రువపత్రం పొందవలెను.

"ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆసుపత్రికి ఎందుకు సార్?" అని సుహాసిని అడిగింది.

"నివారణ వైద్యం, డాక్టర్ గారూ," అన్నారు కోలుకున్న పినాకపాణి గారు. "జబ్బు రాకముందే మనిషిని ఆసుపత్రికి చేర్చడం కంటే వేగం ఇంకేముంటుంది?"

ఆ మాట కలెక్టరు గారికి బాగా నచ్చింది. పత్రికలకు కూడా ఇచ్చారు.

ఇక కారు మడ్డిగూడకు బయలుదేరింది. కలెక్టరాఫీసు గేటు ముందున్న మొదటి స్పీడు బ్రేకరు మీద అది నడుం ఆనించి కూర్చుంది. ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు, మధ్యలో స్పీడు బ్రేకరు. వెనకాల బస్సులు ఆగాయి. దాన్ని ఎత్తి పక్కన పెట్టడానికి పోలీసులు, బంట్రోతులు, ఒక పెళ్లివారి బ్యాండు మేళం సాయం పట్టారు. పినాకపాణి గారు ఆ దృశ్యాన్ని పరిశీలించి, లోపం వాహనంలో లేదనీ, జిల్లాలో ఉందనీ గుర్తించారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మడ్డిగూడ వాళ్లు రోడ్డు కోసం తరతరాలుగా అడుగుతున్నారు. ధర్నాలు చేశారు, పాదయాత్రలు చేశారు, ఒకసారి ఓట్లు వెయ్యడం మానేశారు. అటవీ శాఖ అనుమతి లేదనీ, జనాభా చాలదనీ, వాలు ఎక్కువనీ ప్రతిసారీ జవాబు వచ్చేది. ఇప్పుడు అడిగింది మనుషులు కాదు, కారు. కారు జనాభా ఎంతని ఎవరూ అడగలేదు. ఒక్క ఎండాకాలంలో కొండను చెక్కి, వంకరలు సరిచేసి, మలుపుల దగ్గర కారు జారకుండా బయటి అంచు ఎత్తు చేసి, జిల్లా ఆసుపత్రి గుమ్మం నుంచి మడ్డిగూడ ఆరోగ్య కేంద్రం గుమ్మం దాకా అద్దంలాంటి రోడ్డు వేశారు. ఒక్క గతుకు లేదు. గిన్నెలో పాలు పోసుకుని నడిచినా తొణకదు. రెండు చివర్లా గేట్లు పెట్టి, "మహావేగ వాహనమునకు తప్ప ఇతరములకు ప్రవేశము లేదు" అని బోర్డు రాయించారు. నడిచేవారిని కూడా ఇతరముల్లోనే చేర్చారు. పాత రోడ్డు, ఈ పని కోసం తిరిగిన టిప్పర్ల కింద పడి, ఉన్నది కూడా పోయింది.

వైకుంఠరావును కొండమీది గేటుకు బాధ్యుణ్ణి చేశారు. గేటు పక్కనే చల్లని గదిలో కారు ఉండేది. అతను రోజూ ఇంజను వేడిచేసేవాడు. ఆ శబ్దానికి మడ్డిగూడ కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయని జనం చెప్పుకున్నారు. ధ్రువపత్రాలు తెచ్చుకున్న ఆరోగ్యవంతులెవరూ ఆసుపత్రికి వెళ్తామని రాలేదు. గూడెం ఆడవాళ్లను మంచాల మీద, డోలీల మీద, ఆ తళతళలాడే రోడ్డు పక్కనే రాళ్లలో పడి మోసుకుపోయేవాళ్లు. వైకుంఠరావు గేటు ఇవతల నిలబడి చూసేవాడు. సుహాసిని అటుగా పోయేటప్పుడు పలకరించడం మానేసింది. మాట్లాడకపోవడానికి ఆమెకు కోపం కారణం కాకపోవచ్చు, పని ఎక్కువై ఉండవచ్చు అని అతను సరిపెట్టుకునేవాడు.

వానలు మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం, తవిటయ్య అనే అతని ఆటో గేటు ముందుకొచ్చి ఆగింది. లోపల బిడ్డిక చిన్నమ్మి అనే పిల్ల, తొలిచూలు, ఒరిగిపోయి ఉంది. బిడ్డ అడ్డం తిరిగింది. పక్కన సుహాసిని ఆమెను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఈసారి ఆమె అతని ముఖంలోకి సూటిగా చూసింది.

తవిటయ్యే అడిగాడు. "బాబూ, పాత తోవంట ఎల్తే ఈ పిల్ల ఆసుపత్రి సూడదు. గేటు తియ్యండి."

వైకుంఠరావు పినాకపాణి గారికి ఫోను చేశాడు. ఆయన సావధానంగా విన్నారు. అత్యవసరం కనుక వెంటనే మహావేగ వాహనాన్ని వినియోగించవలసిందిగా ఆదేశించారు. అంతకుముందు ఆ అమ్మాయి సంపూర్ణ ఆరోగ్యవంతురాలని ధ్రువపత్రం తీసుకోమన్నారు. ఆమె ఆరోగ్యంగా లేదని చెప్పగా, అయితే ఆరోగ్యం కుదుటపడగానే బయలుదేరమన్నారు. ఆటోను పంపించవచ్చా అన్న ప్రశ్నకు మాత్రం ఆయన గొంతు మారింది. గంటకు నలభై కిలోమీటర్లు పోయే బండిని నాలుగు వందల కిలోమీటర్ల వేగానికి వేసిన రోడ్డు మీదికి వదిలితే, ఆ రోడ్డు సగటు వేగం ఏమైపోతుందో ఆలోచించారా అని అడిగారు.

వైకుంఠరావు ఫోను జేబులో పెట్టుకున్నాడు. చిన్నమ్మి ఒకసారి మూలిగింది. మనిషి గొంతులా లేదు ఆ శబ్దం. గేటు తాళం అతని చేతుల్లోంచి రెండుసార్లు జారిపోయింది. మూడోసారికి ఊడింది.

ఆటో ఆ రోడ్డెక్కి వానలో కిందికి జారిపోయింది. సగం రోజు పట్టే దారి, గంట కూడా పట్టలేదు. కుదుపు లేదు. చిన్నమ్మికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారని సుహాసిని ఆసుపత్రి నుంచి ఫోను చేసి చెప్పింది. చెప్పాక, "థాంక్స్ అండీ," అంది. అతను ఫోను పెట్టేసి, చల్లని గదిలోకి వెళ్లి, కారు పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఉద్యోగం పోతుందన్న భయం అప్పుడు మొదలైంది.

విచారణ కలెక్టరు గారి ఎదుటే జరిగింది. అభియోగాన్ని పినాకపాణి గారు చదివారు. మహావేగ వాహనమునకు ఉద్దేశించిన మార్గముపై స్వల్పవేగ వాహనమును దురుద్దేశపూర్వకముగా అనుమతించి, వేగ సంవత్సరం ఆశయములకు భంగము కలిగించినందున, వైకుంఠరావును ఎందుకు తొలగించరాదో తెలుపవలెను. ఆయన చదువుతున్నంతసేపూ కలెక్టరు గారు మరేదో దిగులులో ఉన్నారు. రాజధానికి వార్షిక నివేదిక పంపాలి. కారు కొన్నారు, రోడ్డు వేశారు, గేట్లు పెట్టారు. లబ్ధిదారుల గడిలో మాత్రం సున్నా ఉంది.

వైకుంఠరావు రాత్రంతా నిద్రపోలేదు గాని, ఆలోచన తట్టింది మాత్రం ఆ దిగులు ముఖం చూశాకే. ఇన్నేళ్ల ఉద్యోగంలో విన్న భాషంతా ఒక్కసారి నోటికొచ్చింది.

"సార్, సదరు ఆటో స్వల్పవేగ వాహనము కాదు. మహావేగ వాహనమునకు అది పైలట్ వాహనం. ప్రముఖుల కార్ల ముందు పైలట్ వాహనం నడవడం ఆనవాయితీ. మన వాహనం ప్రముఖమైనదే కదా సార్."

"మరి వెనక మహావేగ వాహనం వచ్చిందా?" అన్నారు పినాకపాణి గారు.

"రావలసి ఉంది సార్. పైలట్ ముందుగా వెళ్లింది. ఎంత ముందుగా వెళ్లాలో నిబంధనల్లో లేదు."

 పినాకపాణి గారు ఆ వాక్యాన్ని తిరగేసి చూశారు, బోర్లించి చూశారు. ఎక్కడా సందు దొరకలేదు. పైగా అందులో ఏదో ఠీవి ఉందని ఆయనకే అనిపించి ఉండాలి, తల ఊపారు. కలెక్టరు గారి ముఖం తేరుకుంది. అంటే మహావేగ వాహన పథకం కింద ఒక గర్భిణి సురక్షితంగా ఆసుపత్రికి చేరినట్టేనా అని అడిగారు. పథకం కిందే సార్, ముందు భాగంలో, అన్నాడు వైకుంఠరావు. కేసు కొట్టేశారు.

ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. మడ్డిగూడ ప్రాంతంలోని ఆటోలు, జీపులు, ట్రాలీలు అన్నిటినీ పైలట్ వాహనాలుగా నియమించారు. ఒక్కొక్కదానికీ ఎర్ర అక్షరాల పలక ఇచ్చారు. గేటు తాళం వెయ్యడం మానేశారు. పైలట్ ఎప్పుడు బయలుదేరుతుందో ముందుగా చెప్పలేం కదా. వైకుంఠరావుకూ సుహాసినికీ మధ్య ఇప్పుడు ఫోన్లు నడిచేవి, ఎక్కువగా ఆటోల గురించే. జ్వరాలొచ్చిన పిల్లలు, పాము కరిచినవాళ్లు, కాలు విరిగినవాళ్లు పైలట్ బళ్లలో కొండ దిగసాగారు. సంతకు పోయేవాళ్లు కూడా ఎక్కుతున్నారని పినాకపాణి గారికి చాడీలు వెళ్లాయి. లబ్ధిదారుల సంఖ్య పెరుగుతోంది కనుక ఆయన దాన్ని నివారణ వైద్యంగా పరిగణించారు. కారు చల్లని గదిలోనే ఉండేది. వైకుంఠరావు రోజూ దాన్ని తుడిచి, ఇంజను వేడిచేసి, ఆపేసేవాడు. దాని తప్పేమీ లేదని అతనికి తెలుసు.

ఏడాది చివర రాజధాని నుంచి మూల్యాంకన బృందం వచ్చింది. అంకెలు చూసి ఆశ్చర్యపోయారు. ఒక్క వాహనం ఇంతమందిని, ఇంత తక్కువ వ్యవధిలో చేరవేయడం దేశంలో ఎక్కడా వినలేదన్నారు. ఒకే సమయంలో కారు ఆరుగురిని ఆరు గూడేల నుంచి తెచ్చినట్టు కొన్నిచోట్ల కనబడింది. అది వేగానికి నిదర్శనమని పినాకపాణి గారు విశదీకరించారు. క్షేత్రస్థాయిలో ధ్రువీకరించుకుందామని బృందం నాయకుడు కొండెక్కి, రోడ్డు పక్కన పలక తగిలించుకుని టీ తాగుతున్న తవిటయ్యను పిలిచి, మహావేగ వాహనం సేవలు ఎలా ఉన్నాయని అడిగాడు. పక్కనున్న వైకుంఠరావు రోడ్డు వైపు తిరిగిపోయాడు.

"కారా బాబూ? ఎనక వస్తాదని సెప్పినారు," అన్నాడు తవిటయ్య. "అద్దంలో సూస్తానే ఉంటాను. ఈ ఏడాదిలో ఒక్కపాలి కూడా అగుపడనేదు."

బృందం నాయకుడు కాసేపు తవిటయ్యను, కాసేపు అద్దంలాంటి ఆ రోడ్డును చూశాడు. తరవాత పినాకపాణి గారి వైపు తిరిగి, గౌరవంగా కళ్లజోడు తీశాడు. నివేదికలో ఆ మాటే రాశారు. సదరు వాహనము ఎంతటి వేగముతో సంచరించుచున్నదనగా, నిత్యమూ దాని ముందే నడుచు పైలట్ల కంటికి సైతము అది ఏడాది పొడవునా ఒక్కమారైనను గోచరించలేదు. కనుక ఇట్టి వాహనములు తక్కిన జిల్లాలన్నింటికీ మంజూరు చేయవలసినదిగా సిఫారసు చేయడమైనది.